టేకు గుమ్మం పక్కన పదమూడు రంగులు

"ఇదేం రంగండీ? మీ నమూనా అట్ట మీద ఆకాశంలా ఉంది, మా గోడ మీద ఆస్పత్రి వార్డులా ఉంది!"

మన్మథరావు తలెత్తాడు. నర్సీపట్నం బస్టాండు వీధిలో రంగుల కొట్టు పెట్టి అతనికి రెండేళ్ళయింది. తిట్టేవాళ్ళు కొత్త కాదు. కానీ గొడుగు నీళ్ళు కౌంటరు మీద కారుస్తూ, ముక్కుపుటాలు అదురుతుంటే, ఇంత అందంగా తిట్టినవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు.

"మీ తలుపులకేం రంగు వేశారండీ?" అన్నాడు.

"నేను గోడల గురించి అడుగుతుంటే తలుపుల సంగతి మీకెందుకు?"

"అందుకే అడుగుతున్నాను."

"ఏమీ వెయ్యలేదు. టేకు. మా నాన్నగారు ఫారెస్టు డిపో వేలంలో ఏరి ఏరి కొన్నారు. పెయింటు వేస్తే చెట్టుని అవమానించినట్టంటారు. గుమ్మాలకీ కిటికీలకీ ఉత్త పాలిషే."

"అదీ సంగతి! టేకు కూడా ఒక రంగేనండీ. దాన్ని వదిలేసి గోడకి రంగు ఎంచుకోవడమంటే, పెళ్ళికొడుకుని చూడకుండా చొక్కా కుట్టించడమే."

పెళ్ళికొడుకు అనగానే ఆమె ముఖం ఎందుకో చిన్నబోయింది. మన్మథరావు కంగారుపడ్డాడు. కంగారులో నోరు దానంతటదే నడిచింది.

"నేనొచ్చి ఆ గుమ్మాన్ని చూస్తాను. రంగు కుదిరేదాకా పూచీ నాది."

బలిఘట్టం రోడ్డులోని ఆ కొత్త ఇల్లు సోమసుందరం మాష్టారిది. హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళుగా లెక్కలు చెబుతున్న మనిషి. ఇంట్లో ముగ్గురే. మాష్టారు, ఆయన తల్లి వర్ధనమ్మగారు, కిందటేడు బి.ఏ. పాసైన కూతురు శ్యామలాంబ. గొడుగమ్మాయి ఆవిడే.

మాష్టారు మన్మథరావుని ఎగాదిగా చూశారు.

"డిగ్రీ చదివావట. ఉద్యోగం చూసుకోక ఈ కొట్టేటయ్యా?"

"ఇష్టమండీ."

"ఇష్టం!" అన్నారు మాష్టారు, తప్పు లెక్క చూసినట్టు.

మన్మథరావు ఆ మాట పట్టించుకోకుండా వీధి గుమ్మం ముందు నిలబడిపోయాడు. తేనె రంగు చెక్క. లోపల సన్నటి ముదురు చారలు. పక్కన ఆ నీలం గోడ చూస్తే అతనికి నిజంగానే బాధేసింది. నీలం పక్కన టేకు బురదలా కనబడుతోంది.

"గోడ గీకించి, గుమ్మం పక్కనే జానెడు జానెడు ముక్కలుగా రంగులు వేసి చూద్దామండీ. ఒక్కటే నియమం. సున్నంలో కలిపిన రంగు తడిగా ఉన్నప్పుడు ముదురుగా ఉంటుంది, ఆరితే లేతబడుతుంది. తడిగోడని చూసి తీర్పు చెప్పకూడదు. రెండ్రోజులు ఆరాలి."

ఈ మాట మాష్టారికి నచ్చింది. "ప్రయోగమన్నాక రికార్డుండాలి. ప్రతి ముక్క కిందా నంబరు వేసి, కలిపిన పాళ్ళు నువ్వు పెన్సిల్‌తో రాయి. ఆరాక ఎలా ఉందో శ్యామల రాస్తుంది. రంగుల విషయంలో దాని కన్ను మంచిది."

మొదటిది బెల్లం రంగు. "చెక్కా గోడా ఒకటైపోయాయి" అని రాసింది శ్యామల. నిజమే. రెండోది లేత చెరుకాకు రంగు. "చల్లగా ఉంది గానీ గుమ్మానికి పరాయిదానిలా ఉంది" అని రాసింది. అదీ నిజమే. మన్మథరావుకి ముచ్చటేసింది. ఈ అమ్మాయికి నిజంగానే కన్నుంది.

ఆ రాత్రి నిద్ర మానుకుని మూడోది ఆలోచించాడు. పసుపు రంగు మూడు చెంచాలు, ఎర్రటి జేగురు ఒక చెంచా. ఆరాక అచ్చం ఒలిచిన జీడిపప్పు రంగు వచ్చింది. దాని పక్కన టేకు అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు నిలబడింది. ఇక తిరుగులేదనుకున్నాడు.

శ్యామల చాలాసేపు చూసింది. పెన్సిల్ కొన కొరికింది. తర్వాత రాసింది. "మరీ ముదురు."

"ముదురా?" మన్మథరావు గొంతు కీచుమంది.

"అవునండీ. ఇంకోటి చూడండి."

అతను నోరు తెరిచేలోపే లోపలినుంచి వర్ధనమ్మగారు కాఫీ పట్టుకొచ్చారు.

"బేగి తేల్చీండర్రా. గోడలు పూర్తయితేగానీ పెళ్ళిచూపులు వద్దని మావాడి పట్టు. అవతల పెళ్ళిళ్ళ పేరయ్య యాజులు ఆ కాకినాడ బేంకు కుర్రాణ్ణి తెస్తానని తొందరపడిపోతన్నాడు. శ్రావణం వచ్చీగానే మొదటి గురువారంట."

మన్మథరావు కాఫీ తాగకుండానే గ్లాసు నేల మీద పెట్టేశాడు. శ్యామల పెన్సిల్‌నే చూస్తూ ఉండిపోయింది.

ఆ రోజునుంచి అతని బతుకు అడకత్తెరలో పడింది. మంచి రంగు కలిపితే శ్యామలకి పెళ్ళిచూపులు. చెడ్డ రంగు కలిపితే తన పనితనానికి మచ్చ. ఆలోచించి ఆలోచించి పనితనాన్నే వదులుకున్నాడు. నాలుగోది గంధం, అయిదోది కనకాంబరం, ఆరోది బూడిద. ఒకదాన్ని మించి ఒకటి ఘోరంగా ఉన్నాయి. ఆషాఢం వానలు కూడా అతని పక్షానే ఉన్నాయి. రెండ్రోజుల్లో ఆరాల్సిన ముక్కకి మూడు రోజులు పట్టేది. ఆరిందో లేదో చూడ్డానికి అతను రోజూ రావాల్సి వచ్చేది.

సున్నం వేసే సూరన్నకి మాత్రం ఓపిక నశించింది. "ఏటి బాబూ, గోడకి రంగేత్తన్నామా, ఊరగాయ మాగబెడతన్నామా?" అన్నాడు చుట్ట వెలిగిస్తూ.

కానీ ఆ మూడోది మన్మథరావుని తినేస్తోంది. అంత కన్నున్న మనిషి దాన్ని ముదురని ఎలా రాసింది? ఎందుకు రాసింది?

తొమ్మిదోసారి అతను మళ్ళీ మూడోదాన్నే కలిపాడు. అవే పాళ్ళు. కింద దాచకుండా రాశాడు కూడా, పసుపు మూడు, జేగురు ఒకటి అని.

అది ఆరిన రోజు శ్యామల వచ్చి నిలబడింది. తొమ్మిదోది చూసింది. కింద పాళ్ళు చదివింది. మెల్లిగా కళ్ళు తిప్పి మూడోదాని పాళ్ళు చదివింది. ఆ తర్వాత అతన్ని చూసింది. లెక్కల మాష్టారి కూతురు, మూడూ ఒకటీ చదవడం రాకేం కాదు. బయట వాన జోరందుకుంది.

పెన్సిల్ తీసి రాసింది. "మరీ లేత."

రాసేటప్పుడు ఆమె బుగ్గలు రెండూ జేగురు ఒక చెంచా ఎక్కువ పడినట్టయ్యాయి.

మన్మథరావు గొడుగు మాష్టారి వరండాలోనే మరిచిపోయి, బస్టాండు దాకా తడుస్తూ నడిచాడు. దారిలో తెలిసినవాళ్ళు ముగ్గురు పలకరిస్తే ముగ్గురికీ "మరీ లేతండీ!" అని జవాబు చెప్పాడు.

అయినా ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. అతనికి ధైర్యం లేదు, ఆమెకి అవకాశం లేదు. పదో రంగు, పదకొండో రంగు, పన్నెండో రంగు వచ్చాయి. పదమూడోది వంకాయ.

వంకాయ రంగు చూసిన సాయంత్రం సోమసుందరం మాష్టారికి కోపం వచ్చింది. చేతిలో యాజులుగారి ఉత్తరం ఉంది. గోడలయినా కాకపోయినా ఈ గురువారమే వస్తున్నామని. మాష్టారు ఎర్ర పెన్సిల్ చెవిలో దోపుకుని గుమ్మం దగ్గర స్టూలేసుకు కూర్చున్నారు.

"ఇవాళ నేనే దిద్దుతాను."

ఒకటోది దిద్దారు. రెండోది దిద్దారు. మూడోదాని దగ్గర ఆగారు. తొమ్మిదోదాని దగ్గరకెళ్ళారు. మళ్ళీ మూడుకొచ్చారు. కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మన్మథరావూ, ఇటు రా. మూడోదాని పాళ్ళేటి?"

"పసుపు మూడు, జేగురు ఒకటండీ."

"తొమ్మిదోది?"

"అవేనండీ."

"శ్యామలా, మూడోది ఎలా ఉందని రాశావు?"

"మరీ ముదురని నాన్నగారూ."

"తొమ్మిదోది?"

శ్యామల తల వంచుకుంది. సూరన్న చుట్ట తీసేసి సర్దుకు కూర్చున్నాడు.

"ముప్ఫయ్యేళ్ళలో కాపీ కొట్టి పాసైనవాళ్ళని బోలెడుమందిని పట్టుకున్నాను. ఇద్దరూ కూడబలుక్కుని ఫెయిలవడం ఇప్పుడే చూస్తున్నాను!"

"కూడబలుక్కోలేదండీ," అన్నాడు మన్మథరావు. "మూడోదే సరైన రంగని నాకు ఆ రోజే తెలుసు. కానీ గోడ పూర్తయితే శ్యామలగారికి పెళ్ళిచూపులు. నేను మళ్ళీ ఈ గుమ్మం తొక్కడానికి కారణం ఉండదు. అది నావల్ల కాలేదండీ. ఆవిడతో ఒక్క మాటైనా అనలేదు."

"నాకూ ఆ రోజే తెలుసు నాన్నగారూ," అంది శ్యామల తల వంచుకునే. "ఆయన నాతో ఏమీ అనలేదు. నాకు బేంకు అబ్బాయి వద్దు. చెప్పడానికి భయమేసి గోడ మీద రాశాను."

మాష్టారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "అంటే ఎవరికివారు విడివిడిగా చేశారా?"

"అవునండీ."

"ఒరే సోమూ," అన్నారు వర్ధనమ్మగారు గడపకి పసుపు రాస్తూ. "రోజూ ట్యూషన్ పిల్లలకి అరిచి అరిచి సెప్తావు గదా. ఇద్దరు విడివిడిగా చేసినా ఒకే జవాబొస్తే ఏటన్నట్టు?"

మాష్టారు ఎర్ర పెన్సిల్ మళ్ళీ చెవిలో దోపుకున్నారు. ఆ క్లాసు రూములో ఆయన్ని ఇరుకున పెట్టగలిగింది ఆవిడొక్కతే.

"ఈ కుర్రాడి తాతని నేనెరుగుదును," అని ఆవిడ గడపకి బొట్లు పెడుతూనే కొనసాగించారు. "రోలుగుంట కరణంగారు. మనవాళ్ళే."

"కొట్టు పెట్టుకున్నాడే అమ్మా! ఉద్యోగం లేదు!"

"నీ కొయ్యని నీకంటే బాగా సూసినవాడు ఇంకెవడన్నా ఉన్నాడేటిరా?"

వాన వెలిసి, వీధిలోంచి సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడింది. మూడో నంబరు పక్కన టేకు గుమ్మం చారలు చారలుగా మెరుస్తోంది. వేలంలో ఆ దుంగని చూసి మురిసిపోయిన రోజు మాష్టారికి గుర్తొచ్చింది. ఇన్నాళ్ళకి అది అలా కనబడింది.

చెవిలోంచి ఎర్ర పెన్సిల్ తీసి, మూడో నంబరు మీద పెద్ద రైటు కొట్టారు. కాస్త ఆలోచించి తొమ్మిదో నంబరు మీద కూడా కొట్టారు.

"యాజులుకి నేను కార్డు రాస్తాను. సూరన్నా, రేప్పొద్దున్నే మొదలెట్టు. నువ్వు, మన్మథరావూ, గోడలు పూర్తిగా ఆరాక మీ పెద్దవాళ్ళని తీసుకురా."

మన్మథరావుకి నేల మీద కాలు ఆనలేదు. ఆ సంతోషంలోనూ పాత అలవాటు పోలేదు. "వానాకాలం కదండీ. గోడలన్నీ ఆరాలంటే తక్కువలో తక్కువ వారం..."

"తడిగా ఉన్నా ఫరవాలేదు," అంది శ్యామలాంబ. "రేపే రమ్మనండి."