సవరమ్మ ఎవరి నాయనమ్మ?

"ఈవిడ మీకేమవుతారండీ?"

నూజివీడు బస్టాండు ఎదురుగా మేడమీదున్న తన వెబ్ డిజైన్ ఆఫీసులో ఫణి తలెత్తాడు. ముసునూరు నుంచి ఎండలో స్కూటీ మీద వచ్చిన అమ్మాయి, మొహానికి చుట్టుకున్న చున్నీ కూడా తీయకుండా ఫోను అతని ముక్కు ముందు పెట్టింది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. చాలా బాగున్నాయి. చాలా కోపంగానూ ఉన్నాయి.

ఫోనులో ఉన్నది మామిడి వ్యాపారం చేసే తన మేనమామ నారాయణరావు కోసం అతను చేసిన వెబ్‌సైటు. తెరవగానే రసం పండు పట్టుకుని నవ్వుతున్న ముసలావిడ. కింద 'మా నాయనమ్మ రమణమ్మ గారి తోట నుంచి' అని పెద్ద అక్షరాలు.

"హోమ్ పేజీ నచ్చిందా అండీ?"

"ఆవిడ సవరమ్మ. మా నాయనమ్మ! తోట మాది. ఫొటో తీసింది నేను, జెరూషాని!" చున్నీ లాగేసింది.

"నెట్‌లో దొరికిందండీ... బ్రాండ్‌కి ఒక స్టోరీ, ఎమోషనల్ కనెక్ట్ ఉండాలని..."

"కనెక్ట్ అవడానికి మీ ఇంట్లో ముసలాళ్ళు లేరా? నేను ఇన్‌స్టాలో మా రసాలు అమ్ముకుంటున్నాను. పెద్ద కంపెనీ ఫొటో కాపీ కొట్టానంటూ కస్టమర్లు ఆర్డర్లు క్యాన్సిల్ చేస్తున్నారు. దొంగతనం మీది, చెడ్డపేరు నాకా?"

ఫణి మొహం పాలిపోయింది. వెంటనే సైటు ఆపేశాడు. కాసేపటికే నారాయణరావు ఫోను. అరుపులు జెరూషాకీ వినపడ్డాయి.

"సీజన్‌లో సైటు తీసేస్తావా? ఎవరో వచ్చి అరిస్తే?"

"ఆ ఫొటో వాళ్ళది మావయ్యా. అడక్కుండా వాడాను. తప్పు నాది."

"అయితే వేరేవాళ్ళతో చేయించుకుంటా!"

"మీ ఇష్టం."

ఫణి తన ఆఫీసు పేజీలో జరిగినదంతా రాసి, తన పేరుతోనే క్షమాపణ పెట్టాడు. జెరూషా ఆఖరి అక్షరం దాకా చదివింది.

"బాగానే ఉంది. మా నాయనమ్మకెవరు చెప్తారు?"

మర్నాడు ముసునూరు వెళ్ళి చెప్పాడు. సవరమ్మ పకపకా నవ్వింది.

"నా మొహం చూసి కాయలు కొన్నారా అబ్బాయ్?"

"బాగా కొన్నారండీ."

"మరి మా పిల్లకీ అలాంటి సైటొకటి చేసిపెట్టు."

అప్పట్నుంచి తోటలో రోజూ పోట్లాటే. అక్షరాలు చీమల్లా ఉన్నాయనేది జెరూషా. ఫోనులో పేజీ ఇంత ఆలస్యంగా తెరుచుకుంటే ఎవరాగుతారనేది. తెలుగు ఎందుకు లేదని నిలదీసేది. ఫణి వాదించేవాడు, ఓడిపోయేవాడు, మళ్ళీ వచ్చేవాడు. వెళ్ళిపోయిన కస్టమర్లు కూడా ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

సైటు పూర్తయిన సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ కాయలు పోసిన షెడ్డులో నిలబడ్డారు.

"ఇక రావడానికి పనేం లేదండీ," అన్నాడు ఫణి దిగులుగా.

"పనుంటేనే వస్తారా?" జెరూషా గొంతు లేచింది.

"లేకపోయినా రావాలనుందండీ. మీరంటే ఇష్టం."

"రంగుల గురించి, ఫాంట్ల గురించి ఇన్నాళ్ళూ తగువులాడి, ఈ మాట ఇప్పుడా చెప్పేది?"

"మీరు కోప్పడతారని..."

"కోపమే! నేనూ రోజూ ఎదురుచూశాను మరి!"

కాయల గుట్ట వెనకనుంచి సవరమ్మ గొంతు వినిపించింది. "అబ్బాయ్, ఆదివారం మీ అమ్మానాన్నల్ని భోజనానికి తీసుకురా. ఇది ఎన్నాళ్ళని గొంతు చించుకుంటుంది?"

ఫణి నవ్వాపుకోలేకపోయాడు.

"నవ్వకండి," అంది జెరూషా, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని. "నాకింకా కోపంగానే ఉంది."