జానెడు తేడా

"మేడమ్, ఆ ముక్కాలిపీటని రోడ్డు మీంచి మీరే తీస్తారా, మా వాళ్లని పిలవమంటారా?"

వెనకనుంచి వచ్చిన ఆ గొంతు ఎవరిదో చూడటానికైనా ఆమె ముక్కాలిపీట మీది ఎత్తులు కొలిచే పరికరంలోంచి కన్ను తీయలేదు. యాభై అడుగుల అవతల ఒక విద్యార్థిని అంకెల కర్ర నిటారుగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

"పిలవండి," అంది ఆమె. "తీసేశాక నా ఇరవయ్యారుమందికీ మిగతా పాఠం మీరే చెప్పి వెళ్లండి."

పిల్లలు కిసుక్కుమన్నారు.

ఆమె పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా పాలిటెక్నిక్‌లో సర్వేయింగ్ లెక్చరర్. పది నుంచి ఎప్పటిదాకా అంటే దేవుడికే తెలియాలి, నగరపాలక సంస్థలో మురుగుకాలువల ప్రాజెక్టు ఇంజనీరు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదే అని చుట్టాలందరూ చెప్పి చూశారు. రెండూ నా పడవలే, మీకేం నొప్పి అని ఆమె జవాబు. నల్లబల్ల మీద నీళ్లు పారవు కాబట్టి వారానికి రెండు రోజులు క్లాసునే రోడ్డు మీదికి తీసుకొస్తుంది.

చివరికి తల తిప్పి చూసింది. హెల్మెట్ చంకలో పెట్టుకుని, కోపంతో ముక్కు ఎర్రగా చేసుకున్న మనిషి. ఆ వీధి కాలువకి డ్రాయింగ్ గీసిన కన్సల్టెంట్ అతనే. ఆరు నెలలుగా ఇద్దరూ ఈమెయిళ్లలో కొట్టుకుంటున్నారు గానీ ముఖాలు చూసుకోవడం ఇదే మొదలు. ఇంత బాగుంటాడని ఏ ఈమెయిల్లోనూ రాయలేదే అనుకుని, ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనే విసుక్కుంది.

"ఓహో, డ్రాయింగ్ సార్ మీరేనా?"

"నేనే. సోమవారం కాంక్రీటు. మీరేమో పిల్లల్ని పెట్టి నా లెవెల్స్ కొలిపిస్తున్నారు. డ్రాయింగ్ తప్పని వీధంతా చెప్పుకుంటున్నారు. నేను నాలుగుసార్లు కొలిచాను. మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చి కలిపాను. మిల్లీమీటరు తేడా రాలేదు!"

"ఎక్కణ్ణించి మొదలుపెట్టారు?"

"వంతెన పిట్టగోడ మీద బెంచ్‌మార్క్ నుంచి."

బెంచ్‌మార్క్ అంటే, ఈ చోటు ఇంత ఎత్తులో ఉందని ఎప్పుడో కొలిచి రంగుతో రాసిపెట్టిన గుర్తు. ఊరి ఎత్తుపల్లాల లెక్కలన్నీ దాన్ని నమ్ముకునే సాగుతాయి.

"మేం వాటర్ ట్యాంకు దగ్గర గుర్తు నుంచి వచ్చాం," అంది ఆమె. "మీ పిట్టగోడ దగ్గరికి వచ్చేసరికి జానెడు తేడా. గోడ ఉండాల్సినదానికంటే కిందికి ఉంది."

"మీ పిల్లలు కర్ర తలకిందులుగా పట్టుకుని ఉంటారు."

కర్ర పట్టుకున్న పిల్లకి ఒళ్లు మండింది. "సార్, తలకిందులుగా పడితే తేడా మీటర్లలో వస్తుంది. జానెడు రాదు."

సరిగ్గా అప్పుడే జోరున వాన మొదలైంది. ఆమె తన గొడుగు తీసి పరికరం మీద పట్టింది. అతను చప్పున రెయిన్‌కోటు విప్పి ఆమె తల మీద పట్టాడు.

"నా మీద కాదు, ఫీల్డ్ బుక్ మీద పట్టండి!"

"మీరు తడుస్తున్నారు."

"నేను తడిస్తే ఆరతాను. అంకెలు తడిస్తే పోతాయి."

అతను నవ్వాడు. రెయిన్‌కోటు పుస్తకం మీదికి జరిపి, తను మాత్రం నిలువునా తడిశాడు. కోపం ఎటు పోయిందో ఆ వానకే తెలియాలి.

వాన తెరిపిచ్చాక ఇద్దరూ పిట్టగోడ దగ్గరికి నడిచారు. గోడ కొత్తది. దాని మీద అంకె ముత్యాల్లా ఉంది. పక్కన టీ కొట్టు అతను తీరిగ్గా చెప్పాడు.

"పోయిన ఏడు లారీ గుద్దితే కూలింది కదండీ. మళ్లీ కట్టినప్పుడు ఇటుకలు చాలక రెండు వరసలు తగ్గించారు. తర్వాత పెయింటర్ వచ్చి పాత అంకె చూసుకుని మళ్లీ రాసిపోయాడు. చక్కగా రాశాడు, కదూ?"

డ్రాయింగ్ సార్ ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. తప్పుడు చోట మొదలుపెట్టి, తిరిగి ఆ తప్పుడు చోటే కలిపితే తేడా ఎలా తెలుస్తుంది?

"అంటే కాలువ మొత్తం జానెడు కిందికి దిగిపోతుంది," అన్నాడు మెల్లగా. "గట్టి వాన పడితే పెద్దకాలువ నీళ్లు ఇందులోకి ఎదురు తంతాయి."

"తన్ని ఈ నూట పద్దెనిమిది ఇళ్లలోకి వస్తాయి."

అతను చరాలున వెనక్కి తిరిగి బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే చీఫ్ ఇంజనీరు ఆమెను గదిలోకి పిలిచాడు. పదవీవిరమణకి ఇంకా నెల. ఈలోపు కాలువ పూర్తయి తీరాలని ఆయన పట్టు.

"కొలతలు సరేనని లెవెల్ షీటు మీద సోమవారం సంతకం పెట్టండి. లేదంటే కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి మేమిచ్చిన అనుమతి రద్దు. పిల్లకాయల కొలతలకి నేను పని ఆపను."

ఆ క్లాసంటే ఆమెకు ప్రాణం. ఇంటికెళ్లి చెబితే, రిటైరైన బస్సు డ్రైవరు నాన్న కళ్లజోడు తుడుచుకుంటూ విన్నాడు.

"బ్రేకు పట్టట్లేదని తెలిశాక, పైవాళ్లు పొమ్మన్నా నేనెప్పుడూ బండి తీయలేదమ్మా. అవునూ, ఆ డ్రాయింగ్ అబ్బాయి ఏమంటున్నాడు?"

"ఏమంటాడు! ఫోనే ఎత్తట్లేదు. గోడ మీద పిల్లి."

"పిల్లి మీద కోపమా, ఫోను ఎత్తనందుకు కోపమా?"

"నాన్నా!"

ఆదివారం గడిచింది. ఫోను మోగలేదు. అతను తప్పించుకున్నాడనే ఆమె ఖాయం చేసుకుంది. చీఫ్ బెదిరింపు కంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

సోమవారం పొద్దున ఆమె క్లాసు కాలువ గోతిలో పెట్టింది. ఇరవయ్యారుమందీ లోపల, కాంక్రీటు లారీ గట్టు మీద గుర్రుమంటూ. వీధి జనం గుమ్మాల్లోకి వచ్చారు. చీఫ్ కారు దిగాడు.

"ఏమిటీ తమాషా? సంతకం పెట్టండి."

"పెట్టను సార్."

"ఆలోచించుకునే మాట్లాడుతున్నారా?"

"రెండు రోజులు ఆలోచించాను. పరికరం ఇక్కడే ఉంది, మీరే చూడండి. చూశాక కూడా పోయాలనిపిస్తే, మమ్మల్ని ఇందులోంచి ఒక్కొక్కరినీ పైకి లాగి పోయించండి."

బండి చప్పుడయింది. డ్రాయింగ్ సార్ దిగాడు. గడ్డం మాసి ఉంది, బూట్ల నిండా బురద. తిన్నగా చీఫ్ చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"స్టేషను దగ్గరున్న మూడో గుర్తు నుంచి రెండు రోజులు నేనే కొలిచాను సార్. పిల్లల లెక్కే కరెక్ట్. డ్రాయింగ్ తప్పు, ఆ తప్పు నాది. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను."

"మీ కంపెనీ మిమ్మల్ని ఉంచుతుందనుకుంటున్నారా?"

"పొద్దున్నే తీసేశారు సార్."

చీఫ్ పళ్లు నూరాడు. చేసేదేం లేక గోతిలోకి దిగి, వంగి పరికరంలో చూశాడు. వాటర్ ట్యాంకు నుంచి వచ్చిన లెక్క, పిట్టగోడ నుంచి వచ్చిన లెక్క రెండూ అవతల కర్ర పట్టుకుని నిలబడ్డ పిల్లే గట్టిగా చదివింది. ఆయన మరోసారి చూశాడు. ముప్పై ఏళ్ల అనుభవానికి ఆ తేడా కనపడకుండా పోదు.

"లారీ వెనక్కి తిప్పండి," అన్నాడు చివరికి. ఆ వెంటనే ఉక్రోషంగా ఆమెకేసి తిరిగాడు. "మీ క్లాసు మాత్రం రద్దు."

"రాసివ్వండి సార్. పిల్లలు తప్పు పట్టుకున్నందుకు రద్దు చేశామని కారణం కూడా రాయండి. నోటీసు బోర్డుకి నేనే అంటిస్తాను."

చీఫ్ జేబులో పెన్ను ఉంది. కానీ చెయ్యి అటు పోలేదు. పైకొచ్చి, కారెక్కి తలుపు ధడాలున వేసుకున్నాడు. గుమ్మాల్లో జనం ఒక్కసారిగా గోల చేశారు.

డ్రాయింగ్ సార్ గోతిలోకి దిగాడు. ఆమె అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఫోను ఎందుకెత్తలేదు?"

"ఆ రోజు వానకి తడిసి చచ్చిపోయింది."

"ఇంటికొచ్చి చెప్పొచ్చుగా? పారిపోయారనుకున్నాను. రెండు రోజులు తిట్టుకున్నాను."

"కొలవడం పూర్తికాకుండా ఏ ముఖం పెట్టుకుని రాను?"

"నాకు మీరంటే ఇష్టం," అంది ఆమె, వెనక ఇరవయ్యారుమంది ఉన్నారన్న జంకు లేకుండా. కర్ర పిల్ల చేతిలోంచి కర్ర జారిపోయింది.

అతను తడబడ్డాడు. "ఇంత తప్పు చేశానని తెలిశాక కూడానా?"

"తెలిశాకే. తప్పు చేసినవాళ్లని ఆఫీసునిండా చూశాను. ఒప్పుకున్నవాణ్ణి మిమ్మల్నే చూశాను."

"నాకిప్పుడు ఉద్యోగం లేదండీ."

"అది ఎందుకు పోయిందో నాన్నకి నేను గొప్పగా చెప్పుకుంటాను. సాయంత్రం ఇంటికి రండి."

"వస్తాను," అన్నాడు అతను. ముందు తను గట్టెక్కి ఆమెకు చెయ్యందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని పైకొచ్చింది. గట్టు మీదికి వచ్చాక కూడా, వీధి వీధంతా చూస్తున్నా, వదల్లేదు.