మూడు మిల్లీమీటర్ల అట్ట

నేను బోర్డు ఆటలు తయారుచేస్తాను. కొత్త ఆటకి ముందు నమూనా చెయ్యాలి. దాని ముక్కలన్నీ మా చెల్లెలే చేత్తో కోసేది. మందపాటి అట్ట ఒక్క గీతకి తెగదు. ఒకే గీత మీద మూడుసార్లు కత్తి నడపాలి. మూడోసారి ఊపిరి బిగబట్టి, అట్ట తెగాక ముక్కుతో మెల్లగా వదిలేది.

"మిషను కొందామే అక్కా, మణికట్టు లాగేస్తోంది" అని రెండేళ్ళు అడిగింది. నేను రెండేళ్ళూ ఎంచుతూనే ఉన్నాను. ఇది పలచటి కాగితమే కోస్తుంది, అది మందం కోస్తుంది గాని సగం గది తింటుంది, ఇంకోదానికి బ్లేడ్లు దొరకవు... అన్నీ సాకులే. కోసే మనిషి ఇంట్లో ఉండగా నాకేం తొందర?

చెల్లెలు పోయిన ఆరు నెలలకి, దాని పాతికేళ్ళ కూతురే నన్ను మిషన్ల దుకాణానికి లాక్కెళ్ళింది. మిట్టమధ్యాహ్నం. మేం తప్ప ఎవరూ లేరు. దుకాణాయన రెండు మిషన్లు బల్ల మీద పెట్టి, "మీ ముక్కల గీతల ఫైలే ఎక్కించి కోసి చూసుకోండి" అని భోజనానికి వెళ్ళాడు.

"పెద్దమ్మా, ఇవాళైనా తేలుస్తావా, ఇంకో రెండేళ్ళు కావాలా?" అంది పిల్ల. నవ్వుతూనే అంది. నాకు గుచ్చుకుంది.

మొదటిది మందపు అట్టని గీకి ఊరుకుంది. రెండోదానిలో మూడు మిల్లీమీటర్ల అట్ట పెట్టాం. వాళ్ళమ్మ పన్నెండో ముక్క సగంలో వదిలేసిన ఆఖరి సెట్టు ఫైలే ఎక్కించింది పిల్ల.

బ్లేడు కదిలింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి...

ముక్కుతో మెల్లగా వదిలిన ఊపిరి.

"విన్నావా?" అన్నాను, గొంతు తగ్గించి.

"లోపల ఫ్యానేమో." మొహం మాత్రం నావైపు తిప్పలేదు.

మళ్ళీ మూడు గీతలు. మళ్ళీ ఊపిరి. ఈసారి నా చెవి పక్కనే. చీము వాసన. దాని మీద పూసిన మందు వాసన. పన్నెండో ముక్క సగంలో మిషను తనంతట తానే ఆగింది. తెగిన ముక్కొకటి తీశాను. కాలిపోతోంది... జ్వరమొచ్చిన ఒంటిలా.

ఇక నా నోరు ఆగలేదు.

"మీ అమ్మే ఆసుపత్రికి రానందని నీకు చెప్పాను కదే. అబద్ధం. చేతిలో కత్తి దిగి అప్పటికి నాలుగో రోజు. చెయ్యి వాచిపోయింది. ఒళ్ళు ముట్టుకుని చూడవే అక్కా అంది. నా చేతులకి జిగురుందన్నాను. ఈ సెట్టయ్యాక వెళ్దాంలే అన్నాను."

పిల్ల ఆ ముక్క నా చేతిలోంచి తీసుకుంది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇదే తీసుకుందాం" అంది.

మిషన్ని వాళ్ళమ్మ గదిలో పెట్టించింది. ఆ రోజు నుంచి నాతో మాట లేదు. ఆకలికి తలవంచలేదు నేను, కూలి ఎగ్గొట్టిన వాళ్ళకి వంచలేదు. ఆ పిల్ల మౌనానికి వంచాను.

నిన్న సాయంత్రం ఆ గదిలో మిషను నడుస్తోంది. తలుపు తోశాను. లోపల గొళ్ళెం పెట్టి ఉంది.

"అమ్మలూ, తలుపు తియ్యవే. నాలుగు మాటలు తిట్టు, వింటాను. తప్పు నాదే. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. పిల్ల. భుజాన సంచి, మొహం నిండా చెమట. పొద్దుననగా వెళ్ళిన మనిషి అప్పుడే ఇంటికొస్తోంది.

"ఎవరిని పిలుస్తున్నావు పెద్దమ్మా?"

వారం తర్వాత నాతో అన్న మొదటి మాట.

లోపల మిషను ఆగింది.

గొళ్ళెం మెల్లగా జారిన చప్పుడు...