కుడికాలు ముందు

మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్నది మూడు వేల రెండు వందల డాలర్లు. యూనివర్సిటీ ఇచ్చిన చిన్న గ్రాంట్. పద్దెనిమిది ఎముక ముక్కలకి పంచితే ఒక్కోదానికి నూట డెబ్భై ఏడు పైచిలుకు. చాలనుకున్నాను.

చాలకపోయినా ఆగేవాణ్ణి కాదు. కోవిడ్‌లో వాడిన స్టెరాయిడ్ల వల్ల నా కుడి తుంటి ఎముక లోపల్లోపలే చచ్చిపోతోంది. కీలు మార్చేద్దామన్నాడు డాక్టర్. నాకు ఇరవై ఆరేళ్లు. కుదరదన్నాను. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టే విషవాయువు. అతి కొద్ది మోతాదులో అదే ఎముకని బతికిస్తుందేమో తేల్చుకోవాలని, న్యూజెర్సీలో మా ల్యాబ్ బేస్‌మెంట్‌లో, సర్జరీల్లో తీసేసిన ఎముకల మీద పని మొదలుపెట్టాను.

పోలిక కోసం పూర్తిగా చచ్చిన తుంటి ఎముక గుండు ఒకటి గాజు సీసాలో, ద్రవంలో ముంచి ఉంచాను. శుక్రవారం లైట్లు ఆర్పుతూ, అలవాటుకొద్దీ దానివైపు చూసి "వెళ్లొస్తా" అన్నాను. ల్యాబ్‌మేట్ శ్రీవిద్య నవ్వలేదు. చావింట్లో ఆ మాట అనకూడదంది. ఎముకకి కూడా మైలేనా అని ఎగతాళి చేశాను.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వచ్చాం. గ్యాస్‌తో ఒక్కరే పనిచేయకూడదని రూల్. తలుపు తీయగానే కంపు గుప్పుమంది. జేబుకి తగిలించుకున్న గ్యాస్ మీటర్ చూశాను. సున్నా.

అంతలో వాసన పోయింది.

భయపడాల్సింది అప్పుడే. ఆ వాయువు ఎక్కువైతే ముందు ముక్కు చచ్చుబడుతుంది. మళ్లీ చూశాను. సున్నా.

స్విచ్ వేశాను. వెలగలేదు. చీకట్లో గాజుకి ఏదో తగులుతోంది. టక్... టక్...

చేతికర్ర గోడకి ఆనించి, గుమ్మంలోంచే ఫోన్ లైట్ వేశాను. సీసా మూత బిగించే ఉంది. లోపల ద్రవం ఊగుతోంది. ఎముక లేదు.

శ్రీవిద్య నా చొక్కా పట్టుకుంది. "వద్దురా అనీష్... పద."

అప్పుడు తెలిసింది. నొప్పి లేదు. రెండేళ్లుగా వదలని నొప్పి... ఆ వాసనలాగే పోయింది.

లోపల్నుంచి ఎవరో, కొత్త పెళ్లికూతుర్ని పిలిచినంత మెల్లగా అన్నారు.

"వచ్చావా... కుడికాలు ముందు పెట్టి రా."

ఒళ్లు చల్లబడింది. వెంటనే మండింది. ల్యాబ్ నాది. కాలూ నాదే.

"ఎడమకాలే పెడతా," అన్నాను.

ఎత్తాను. ఒంటి బరువంతా కుడికాలి మీద పడింది. రెండేళ్లుగా కర్ర లేనిదే నిలవని కాలు... నిలిచింది.

టక్.

ఈసారి చప్పుడు నా తుంటిలోంచి వచ్చింది.

ఎడమకాలు ఇంకా గాల్లోనే ఉంది. గడప అవతలే దించుతాను.