ఉప్పు సీసా పక్కన కుర్చీ

మా ఆయన్ని నేను మొదటిసారి చూసినప్పుడు నా నోట్లో పుట్టగొడుగు ముక్క ఉంది. మింగలేను, ఉమ్మలేను.

ఆ సాయంత్రం వాన. నెత్తిమీద పడే మర్యాద వాన కాదు, పగబట్టినట్టు పక్కనుంచి కొట్టే వాన. నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు మూసి బయటికొచ్చానో లేదో, గొడుగు వెనక్కి తిరగబడింది. ఎదురుగా కనిపించిన హోటల్లోకి తడిసిన కోడిపిల్లలా దూరాను. లోపల కరెంటు లేదు, బల్లకో కొవ్వొత్తి వెలుగుతోంది. గుమ్మం దగ్గరే సర్వర్‌కి "మొక్కజొన్న సూపు" అని చెప్పేసి చోటు కోసం వెతికాను. మూల బల్ల దగ్గర ఒకే ఒక్క కుర్చీ ఖాళీ. అక్కడ ఓ పెద్దాయన, ఓ కుర్రాడు కూర్చుని ఉన్నారు. పోలికలు చూస్తే తండ్రీకొడుకులు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

"ఇక్కడ కూర్చోవచ్చాండీ?" అన్నాను.

అదే సమయానికి ఉరిమింది. ఎవరూ కాదనలేదు కదా అని కూర్చున్నాను.

సర్వర్ ఓ గిన్నె తెచ్చి నా ముందు పెట్టాడు. ఆకలి, పైగా జలుబుతో ముక్కు దిబ్బడ. గబగబా రెండు చెంచాలు మింగాను. మూడో చెంచాలో ఏదో జారుడుగా పంటికింద పడింది. పుట్టగొడుగు! చిన్నప్పటినుంచీ దాని పేరు వింటేనే నేను కంచం ముందునుంచి లేచిపోతాను.

ఉమ్మేద్దామని కాగితం రుమాలు అందుకుంటుండగా పెద్దాయన తలెత్తారు.

"బావుందా అమ్మా?"

అబ్బాయి చేతిలో ఫోర్కు ప్లేటులో పడి టంగుమంది. అతను నన్ను చూడ్డం లేదు, వాళ్ళ నాన్ననే చూస్తున్నాడు, ఏదో గోడ మాట్లాడినట్టు.

పెద్దాయన కళ్ళలో ఏముందో నాకు తెలియదు. కొవ్వొత్తి మాత్రం ఉంది. నేను మింగేశాను.

"చాలా బావుందండీ."

"తాగు, తాగు. చల్లారితే బావుండదు."

సగం తాగాక సర్వర్ ఇంకో గిన్నె తెచ్చాడు. "మేడం, మీ మొక్కజొన్న సూపు."

"మరి ఇదెవరిది?"

"మా అమ్మది," అన్నాడు అబ్బాయి మెల్లగా.

"అయ్యయ్యో! చూసుకోలేదండీ. ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్ళారా? వచ్చేలోపు ఇంకోటి చెప్పేద్దాం."

"లేరండీ."

"ఎంతసేపట్లో వస్తారు?"

అతను నా ముందున్న గిన్నెకేసి చూశాడు. నాకు అర్థమయ్యేసరికి చెవులు వేడెక్కిపోయాయి. నా మొక్కజొన్న సూపు ముట్టుకోకుండానే డబ్బులిచ్చి లేచాను.

బయట చూరు కింద గొడుగుతో కుస్తీ పడుతుంటే అతను వెనకే వచ్చాడు.

"ఏమండీ, ఒక్క నిమిషం."

"సారీ అండీ. నిజంగా తెలీక తాగాను."

"అందుకు కాదు. వచ్చే గురువారం మళ్ళీ రాగలరా?"

"ఎందుకు?"

"ఆ సూపు తాగడానికి."

నేను విరిగిన గొడుగు కర్రని కాస్త గట్టిగా పట్టుకున్నాను, పిచ్చివాడేమోనని.

"కంగారు పడకండి. అమ్మ పోయాక నాన్న మాట్లాడ్డం మానేశారు. ఊ, వద్దు, పడుకో. ఇంట్లో ఇంతే. గురువారం నాకు సెలవు. అమ్మ ఉన్నప్పుడు ముగ్గురం ఇక్కడికే వచ్చేవాళ్ళం. ఇప్పటికీ ముగ్గురికీ చెప్తాం. ఆ గిన్నె అక్కడే చల్లారిపోతుంది, సర్వర్ అలాగే తీసుకెళ్ళిపోతాడు. ఇవాళ నాన్న ఒక మనిషిని పలకరించడం చూశాను. మీకు ఆ సూపు అంత ఇష్టమని తెలిశాక అడక్కుండా ఉండలేకపోయాను."

అక్కడే చెప్పేస్తే సరిపోయేది. కానీ అతని ఎడమ కనుబొమ్మ మీద గ్రీజు మరక ఉంది. తుడుచుకోవాలని కూడా తెలియకుండా నిలబడ్డాడు, బస్సు తప్పిపోయిన పిల్లాడిలా.

"ఇష్టమేనండీ," అనేసింది నా నోరు. "మీరేం చేస్తుంటారు?"

"లిఫ్టులు బాగుచేస్తాను."

"అయితే రోజూ పైకొచ్చే ఉద్యోగం."

"ఎక్కువగా మధ్యలో ఇరుక్కుపోయే ఉద్యోగమండీ," అన్నాడు. నవ్వలేదు. నేనే నవ్వాను.

అలా నేను ప్రతి గురువారం ఆ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాను. పుట్టగొడుగులు మింగడానికి ఓ పద్ధతి కనిపెట్టాను. కళ్ళు మూసుకోవాలి, ఊపిరి బిగబట్టాలి, నమలకూడదు, వెంటనే నీళ్ళు తాగాలి. ఆ హోటల్లో మెనూ కార్డులు దండిగా ఉండేవి గానీ మా బల్ల మీదికి ఒక్కటీ వచ్చేది కాదు. సర్వర్ వచ్చి "ఎప్పటివేగా?" అనేవాడు, అబ్బాయి తలూపేవాడు. తండ్రికి వేయించిన చేప, కొడుక్కి నూడుల్స్, నాకు వాళ్ళ అమ్మ సూపు.

ఆ బల్ల మీద ఉప్పు సీసా ఎప్పుడూ నా కుర్చీ పక్కనే ఉండేది. లిఫ్ట్ సారు (నేను పెట్టిన పేరే) దాన్ని మధ్యకి జరిపితే, పెద్దాయన ఏమీ అనకుండా మళ్ళీ నా పక్కకే తోసేవారు.

ఆయన కొద్దికొద్దిగా మాటల్లో పడ్డారు. జీవితమంతా బస్సు నడిపారట. బ్రేకులు సరిగా పడని బస్సు గురించి, ఎక్కిన ప్రతిసారీ చిల్లర లేదని పోట్లాడే లావుపాటి లాయరు గురించి చెప్పేవారు. నన్ను "కళ్ళజోళ్ళమ్మాయీ" అని పిలిచేవారు. మధ్యలో ఒక్కోసారి మాట ఆగిపోయేది. నా భుజం పైనుంచి వెనక గోడకేసి చూస్తూ ఉండిపోయేవారు. అప్పుడు నేను అక్కడ ఉన్నానో లేనో నాకే అర్థమయ్యేది కాదు.

వాళ్ళబ్బాయి నన్ను బండి మీద హాస్టల్ దగ్గర దింపేవాడు. ఓరోజు మా హాస్టల్ లిఫ్టు తలుపుకి చెవి ఆనించి, డాక్టరులా కళ్ళు మూసుకుని విన్నాడు.

"దీనికి ఒంట్లో బాలేదు. ఎవరూ పట్టించుకోవట్లేదా?"

"మాకే ఒంట్లో బాలేకపోతే పట్టించుకునే దిక్కులేదు ఇక్కడ."

"నీకేమైంది?" అని గిరుక్కున తిరిగాడు. మీరు కాస్తా నువ్వు అయిపోయింది. నాకు నిజంగానే ఏదో అయింది, కానీ అది డాక్టరుకి చెప్పేది కాదు.

ఇంకో రోజు షాపున్న బిల్డింగులో లిఫ్టు ఎక్కాం ఇద్దరం. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది.

"బాగుచేసేవాడివి, నీ ముందే ఆగుతుందేం ఇది? సిగ్గులేదూ?"

"నేనే ఆపాను."

"ఎందుకు?"

"బయటైతే వెళ్ళిపోతావని." గొంతు సవరించుకున్నాడు. "మనం పెళ్ళి చేసుకుందామా?"

నా గుండె మాత్రం టాప్ ఫ్లోరుకి వెళ్ళిపోయింది. అక్కడితో ఆపేసి ఉంటే ఎంత బావుండేది!

"నువ్వొచ్చాక అమ్మ కుర్చీ ఖాళీగా కనిపించట్లేదు. ఇంట్లోకి కూడా వచ్చేశావంటే ఆ లోటు తీరిపోతుంది," అన్నాడు.

గుండె అక్కణ్ణుంచి తాడు తెగినట్టు కిందకొచ్చింది.

"నాకేం తినడమంటే ఇష్టమో చెప్పు," అన్నాను.

"సూపు."

"అది కాకుండా?"

అతను లిఫ్టు మీటల వంక చూశాడు, జవాబు అక్కడ రాసుందేమోనని.

"నాకు పుట్టగొడుగులంటే అసహ్యం. వాసన కూడా పడదు. మొదటిరోజు మీ నాన్నగారి మొహం చూసి అబద్ధం చెప్పాను. అప్పటినుంచీ మింగుతూనే ఉన్నాను. ఒక్కసారి, ఒక్కసారైనా నీకేం కావాలని అడిగావా? నీకు ఆ కుర్చీలో మనిషి కావాలా, నేను కావాలా?"

అతని మొహం తెల్లబోయింది. గొంతు తగ్గించి, "నాన్నకి మాత్రం ఈ సంగతి చెప్పకు. మళ్ళీ మాటలు ఆగిపోతాయి," అన్నాడు.

"లిఫ్ట్ నడుపు," అన్నాను.

కోపంతో విసవిసా వెళ్ళిపోవడానికి కూడా వీల్లేని చోటు అది. కింది అంతస్తు దాకా ఇద్దరం తలుపుకేసి చూస్తూ నిలబడ్డాం.

ఆ గురువారం నేను వెళ్ళలేదు. తర్వాతి గురువారమూ వెళ్ళలేదు. వాన మాత్రం ఏ రోజూ మానలేదు. షాపులో వరసగా పెట్టిన ఖాళీ ఫ్రేములు మనుషులు లేని మొహాల్లా నన్నే చూసేవి. ఫోనుకి రోజుకో మెసేజ్ వచ్చేది, ఒక్కొక్క ముక్కే. "నూడుల్సా?" మర్నాడు "చేపా?" ఆ తర్వాత "వేయించిన బంగాళాదుంపలా?" ఒకరోజు ఏకంగా "ఐస్‌క్రీమా? భోజనం మానేసి అదే తింటావా?" నవ్వొచ్చేది. నవ్వొచ్చినందుకు ఏడుపొచ్చేది. జవాబివ్వలేదు.

ఆ తర్వాతి బుధవారం మధ్యాహ్నం షాపు తలుపు తోసుకుని పెద్దాయన వచ్చారు, ఒక్కరే. గొడుగు మడిచి మూలన పెట్టి, జేబులోంచి ఓ పాత కళ్ళజోడు తీసి కౌంటరు మీద పెట్టారు.

"ఇది ఇంకా పనికొస్తుందేమో చూడమ్మా."

అద్దాల నిండా గీతలు. "ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టారండీ దీన్ని?"

"మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉండేది. నేను పారేసుకుంటానని తనే దాచేది. ఆ బ్యాగు ఇవాళే తెరిచాను." కుర్చీలో కూలబడ్డారు. "దూరం బాగానే కనిపిస్తుంది నాకు. దగ్గరిదే కనిపించదు. మెనూ కార్డు ఎప్పుడూ తనే చదివేది, అందరికీ తనే చెప్పేది. నాకు చేప, వాడికి నూడుల్స్. మేం ఇంకేం అడగాలో తెలీక అవే తింటున్నాం."

ఆయనకి పరీక్ష ఫ్రేము తగిలించి, చేతికి అక్షరాల అట్ట ఇచ్చి, అద్దాలు ఒక్కొక్కటే మార్చాను.

"ఇప్పుడు బావుందాండీ?"

"నిజం చెప్పనా, నీలాగా చెప్పనా?"

నా చేతిలో అద్దం అక్కడే ఆగిపోయింది.

"మా ఆవిడ కూడా కళ్ళు మూసుకునే తాగేది," అన్నారు ఆయన. "రుచికి. నువ్వు భయానికి మూసుకునేదానివి. మొదటిరోజే తెలిసింది తల్లీ."

"మరి తెలిసీ..."

"ఆ గిన్నె నిండుగా వెనక్కి వెళ్ళడం చూడలేక. నా బాధ దిగడానికి నీ చేత మింగించాను. మావాడు ఏమన్నాడో నాకు తెలీదు గానీ, వాడు కూడా నన్ను చూసే పాడైపోయుంటాడు. దగ్గరున్నది కనబడకపోవడం మా ఇంటి జబ్బు." అట్ట కిందపెట్టారు. "రేపు గురువారం. రమ్మని అడిగే మొహం లేదు. కళ్ళజోడు మాత్రం రేపటికి ఇవ్వగలవా?"

సాయంత్రం వరకు కూర్చుని అద్దాలు నేనే ఫ్రేముకి బిగించాను. మర్నాడు పొద్దున వాళ్ళబ్బాయి వచ్చి తీసుకెళ్ళాడట, నేను టీకి వెళ్ళినప్పుడు. కావాలనే అప్పుడు వచ్చాడు, పిరికివాడు. కాసేపటికి ఫోను మోగింది. ఈసారి మెసేజ్ పొడుగ్గా ఉంది.

"ఆ రోజు నువ్వు చెప్పుకున్నది మొక్కజొన్న సూపు. వచ్చింది. నువ్వు ముట్టుకోలేదు. అదీ అక్కడే చల్లారిపోయింది. మా అమ్మ గిన్నె ఒక్కటే చూశాను నేను. నాకు ఆ కుర్చీలో మనిషి అక్కర్లేదు. నువ్వు ఏ కుర్చీలో కూర్చుంటే నాకు ఆ కుర్చీ కావాలి."

మెసేజ్ మసకబారింది. కళ్ళజోళ్ళ షాపులో ఉండి కూడా ఏమీ చేయలేకపోయాను.

సాయంత్రం హోటల్ తలుపు దగ్గర ఆగిపోయాను. మూల బల్లకి ఆ రోజు నాలుగు కుర్చీలు ఉన్నాయి. వాళ్ళ అమ్మ కుర్చీలో పెద్దాయన కూర్చున్నారు. కొత్త కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, మెనూ కార్డు పరిచి, పక్క బల్లలకి కూడా వినపడేలా చదువుతున్నారు.

"కాల్చిన కోడి. చీజ్ ఆమ్లెట్టు. ఓరి, ఇన్ని ఉన్నాయిరా ఇందులో! చేప ఒక్కటే ఏడు రకాలు!" నన్ను చూసి ఆగారు. "రా అమ్మా. అది నీ కుర్చీ, కొత్తగా వేయించాను. అందులో నీకంటే ముందు ఎవరూ కూర్చోలేదు."

కూర్చున్నాను. లిఫ్ట్ సారు నా వంక చూడలేక చెంచాల వంక చూస్తున్నాడు. కనుబొమ్మ మీద మళ్ళీ గ్రీజు. ఈసారి రుమాలుతో నేనే తుడిచేశాను. అతను ఊపిరి పీల్చడం మర్చిపోయాడు.

సర్వర్ వచ్చాడు. "ఎప్పటివేగా?"

"కాదు," అన్నాం ముగ్గురం ఒకేసారి.

పెద్దాయన కార్డు నా వైపు తిప్పారు. "నీకేం కావాలమ్మా?"

ఇంత చిన్న ప్రశ్నకి ఎవరైనా ఏడుస్తారా? నేను ఏడ్చాను. ఏడుస్తూనే మొక్కజొన్న సూపు, వేయించిన బంగాళాదుంపలు, ఆఖర్న ఐస్‌క్రీము చెప్పాను.

"ఐస్‌క్రీము నేను కనిపెట్టాను!" అన్నాడు మా ఆయన. అప్పటికింకా కాలేదు, అయినా నాకు అప్పటికే మా ఆయనే.

"నాకు పుట్టగొడుగుల సూపు," అన్నారు పెద్దాయన.

మా నవ్వులు ఆగిపోయాయి. గిన్నె వచ్చింది. ఆయన కాసేపు పొగకేసి చూశారు.

"ఇన్నేళ్ళూ తను తాగుతుంటే చూశానే గానీ, ఒక్క చెంచా నాకూ పెట్టమని ఏనాడూ అడగలేదు," అన్నారు.

చెంచా ముంచి, కళ్ళు మూసుకుని తాగారు. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. బల్ల కింద అతని చెయ్యి నా చేతిని వెతుక్కుంది. ఆయన కళ్ళు తెరిచేసరికి కొత్త అద్దాలు రెండూ తడిగా ఉన్నాయి.

"ఉప్పు తక్కువరా," అన్నారు. "ఎప్పుడూ చెప్పలేదు చూశావా మీ అమ్మ!"

ఉప్పు కోసం బల్లంతా చూశారు. సీసా ఆయన పక్కనే ఉంది, ఆ కుర్చీలో వాళ్ళకి ఎప్పుడూ అందే చోటే.