తాతయ్య కుర్చీ, గుమ్మం మీద కెమెరా

"రౌటర్ ఎక్కడుందండీ?" అని అడిగింది కెమెరా బిగించడానికి వచ్చిన అమ్మాయి.

"బియ్యం డబ్బా వెనకాల" అన్నాడు కళ్ళజోళ్ళ షాపు అబ్బాయి.

"అక్కడెందుకు?"

"దాని లైట్లు మిణుకుమిణుకుమంటుంటే మా అమ్మకి కంగారు. పైన తువ్వాలు కూడా కప్పింది."

"స్టీలు డబ్బా వెనక దాచి, తువ్వాలు కప్పి, కెమెరాకి సిగ్నల్ రావట్లేదని నన్ను ఫోన్లో తిట్టారా?"

"తిట్టలేదు. గట్టిగా అడిగాను."

"'మీరమ్మింది కెమెరానా, సబ్బుపెట్టా' అన్నారు. ఆ ఫోనెత్తింది నేనే."

అబ్బాయి డబ్బా జరిపాడు.

ఈ కెమెరా గోలంతా తాతయ్యది. వరండాలో తన కుర్చీని ఎవరో రోజూ గోడవైపు తిప్పేసి పోతున్నారని ఆయన అనుమానం. కుట్ర అని కూడా అన్నాడు.

వైఫై పాస్‌వర్డ్ కూడా ఆయన పెట్టిందే. పరాయివాళ్ళ ముందు పైకి చెప్పనని, ఫోను లాక్కుని, నెత్తిన తువ్వాలు కప్పుకుని తనే కొట్టాడు.

"కనెక్షన్ విఫలమైంది" అంది కెమెరా, ఆడగొంతుతో.

"ఎవరే నువ్వు, నాకు చెప్పడానికి?" అని తాతయ్య దాని మీదికి లేచాడు.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే మాట.

"తాతగారూ, తప్పు మీది కాదు" అంది అమ్మాయి. "మీ రౌటర్ రెండు రకాల సిగ్నల్ ఇస్తుంది. ఈ కెమెరా అందులో ఒకదాన్నే అందుకుంటుంది. మనం రెండోదాంట్లో వెతుకుతున్నాం." సరైన పేరు ఎంచి, ఫోను మళ్ళీ తువ్వాలు కిందికి పంపింది. ఈసారి కలిసింది.

"విన్నావా? తప్పు నాది కాదట" అన్నాడు తాతయ్య, కెమెరాతో.

వంగి వైర్లు సర్దుతుంటే ఆమె కళ్ళజోడు ముక్కు మీద నుంచి జారిపోతోంది. అబ్బాయి చూడలేకపోయాడు. అడిగి తీసుకుని, జేబులోని చిన్న స్క్రూడ్రైవర్‌తో బిగించాడు. ఆమె కళ్ళు చికిలించి అతని వైపు చూసింది.

"నవ్వుతున్నారా?"

"లేదే!"

"కనబడకపోయినా తెలుస్తోందిలెండి."

అంతే. ఆ మాట అతనికి అన్నం దగ్గరా, షాపులోనూ వినబడుతూనే ఉంది.

మర్నాడే దొంగ దొరికాడు. మొహాన ఎండ పడుతోందని కుర్చీని గోడవైపు తిప్పి, కాసేపు కునుకు తీసి, లేచి, "ఎవడ్రా తిప్పింది?" అని అరిచే తాతయ్య వీడియోలో స్పష్టంగా కనిపించాడు. "ఎవడో నాలా మేకప్ వేసుకొచ్చాడు" అన్నాడాయన.

కేసు తేలిపోయింది కాబట్టి ఆమెకి ఇక ఆ ఇంటితో పనిలేదు. అందుకని అబ్బాయి కెమెరా వైరు పీకేసి ఫోన్ చేశాడు. ఉడుత లాగిందన్నాడు. ఆమె వచ్చి పెట్టింది. మరోసారి గాలికి ఊడిందన్నాడు.

"గాలి భలే పద్ధతిగా ఊడదీసిందండీ" అంటూ మళ్ళీ పెట్టి వెళ్ళింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, చినుకులు పడుతుంటే, అతను మళ్ళీ స్టూలెక్కాడు. పీకేముందు, ఈసారి ఆమెతో చెప్పాల్సింది ఒకసారి పైకే అనుకుని చూసుకున్నాడు.

"మీరంటే నాకు... ఛ. మీ కళ్ళకి పవర్ మైనస్ రెండు, కానీ నాకు మీ మీద..."

"మైనస్ మూడు" అంది కెమెరా.

అబ్బాయి స్టూలు మీద నుంచి దబ్బున కిందపడ్డాడు. చప్పుడుకి అమ్మ, తాతయ్య పరిగెత్తుకొచ్చారు.

"అయ్యో, దెబ్బ తగిలిందా?" అని కెమెరా కంగారుపడింది. "తాతగారూ, నేను, కెమెరా పెట్టిన అమ్మాయిని. టెస్టింగ్‌కని నా ఫోన్లో కలిపి తీసేయడం మర్చిపోయాను. తీసేద్దామని ఇప్పుడే తెరిచాను. తప్పు నాదే, తీసేస్తున్నా."

"ఆగమ్మా, తీసేయకు!" తాతయ్య కెమెరా కింద కుర్చీ వేసుకున్నాడు. "వాడి గొణుగుడు లోపలికి వినిపిస్తూనే ఉంది. మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

"అమ్మ, నాన్న, అన్నయ్య, వదిన."

"మామయ్యా, వాడు కింద పడున్నాడు!" అంది అమ్మ.

"ఉండమ్మా, సంబంధం మాట్లాడుతున్నా."

అమ్మ కొడుకునీ చూసింది, కెమెరానీ చూసింది. జుట్టు సర్దుకుని, "కారం బాగా తింటావా అమ్మాయ్?" అని అడిగింది.

"మధ్యస్థంగా ఆంటీ. ముందు ఆయన్ని లేపండి. నేనొస్తున్నా."

ఆమె స్కూటర్ గేటు ముందు ఆగేసరికి అబ్బాయి మణికట్టు వాచిపోయింది. నొప్పికన్నా సిగ్గు ఎక్కువగా ఉంది.

"సారీ అండీ. ఉడుత, గాలి... అన్నీ నేనే."

"ఉడుతకే అర్థమైంది నాకు."

"మరి రెండోసారి ఎందుకొచ్చారు?"

ఆమె కళ్ళజోడు మీది చినుకులు తుడుచుకుంది. "బండెక్కండి" అంది.

ఆసుపత్రిలో నర్సు కట్టు కడుతూ, "ఈయన నీకేమవుతారమ్మా?" అని అడిగింది.

"కస్టమర్" అన్నాడతను, తల దించుకుని.

"ఏమవుతారో వాళ్ళింట్లో అందరికీ తెలిసిపోయింది సిస్టర్" అంది ఆమె. "ఎప్పుడవుతారో మా నాన్నని అడగాలి."

అతను చెయ్యి నొప్పి సంగతి మర్చిపోయి లేచి నిలబడ్డాడు. నర్సు కసిరి కూర్చోబెట్టింది.