అమావాస్య పోటు

అసురసంధ్య! అష్టగ్రహ కూటమి అంటూ దేశమంతా ప్రాణాలు అరచేత పట్టుకున్న ఆ ఏటి పుష్య అమావాస్య... చీరాలకు ఆమడ దూరంలో ఉన్న జాలరి పాలెం పొద్దుగూకక ముందే తలుపులు బిడాయించుకుంది. నిర్జన సముద్రతీరం! తడి ఇసుక మీద భయంకరమైన ముగ్గు... ముగ్గు నడుమ కపాలం... కపాలం ముందు జంపఖానా మీద కూర్చుని, జుట్టు విరబోసుకుని ఊగిపోతున్న స్త్రీ!

ఆమె పేరు సోమక్క. ఎక్కడి వరంగల్లు, ఎక్కడి సముద్రం! ముగ్గు బయట నిలబడి చూస్తున్న రాజమల్లుకు ఆమె స్వయానా వదిన. తల్లి పోయిన నాడు, పాలు మరవని అతణ్ణి ఒళ్ళోకి తీసుకుని కన్నకొడుకులా పెంచిన ఇల్లాలు. ఇప్పుడామె కళ్ళలో అతణ్ణి ఎరిగిన జాడే లేదు.

ఈ ఘోరం చేసిందెవరు? అతనే! పాడు కోపం! తను మెచ్చిన పిల్ల సంబంధాన్ని వదిన చెడగొట్టిందని మంత్రగాడు కట్టయ్య గడప తొక్కాడు. "జర భయపెట్టు, గంతే" అన్నాడు. ఆమె పడుకునే దాంట్లో ఆమె తలవెంట్రుకలే కలిపి నేయమన్నాడు వాడు. వరంగల్లు కొత్తవాడలో మగ్గం మీద పెరిగిన రాజమల్లుకు అంతకంటే సులువైన పని ఏముంది? దువ్వెనలో చిక్కిన వెంట్రుకల్ని పేకనూలులో కలిపి జంపఖానా నేశాడు. "మా మరిది నాకోసమని నేసిండు!" అని వాడకట్టంతా చూపించుకుని, దానిమీదే పడుకుంది పిచ్చితల్లి. తెల్లారేసరికి ఆమె గొంతు ఆమెది కాదు!

దవాఖానకు తీసుకుపోయారు. దేవుడికి మొక్కి పాలకుర్తి గుట్ట ఎక్కించారు. ఫలితం సున్న. రాజమల్లు ఏడుస్తూ మళ్ళీ కట్టయ్య కాళ్ళే పట్టుకున్నాడు. "సముద్రం ఒడ్డున విప్పుత, అమాసకు తోల్కరా" అన్నాడు వాడు. పర్వస్నానమని అన్నకు బొంకి, ఆ జంపఖానాతో సహా ఆమెను రైలెక్కించాడు. చేసిన పాపం చాలదని మళ్ళీ ఓ అబద్ధం!

"హ్రీం... క్రోం..." ముగ్గులో కపాలం పక్కన నిలుచున్న కట్టయ్య మొలలోంచి కత్తి దూశాడు.

రాజమల్లు ఓ అడుగు ముందుకు వేశాడు. "గదెందుకు కట్టయ్యా? విప్పుత అంటివి గద!"

"విప్పుడా? పిచ్చోడా! గ్రహాలన్ని కూడిన యాళ దీని నెత్తురు పోస్తే ఈ కపాలం నాకు బానిసైతది! ముగ్గుల కాలు వెట్టినవో, నెత్తురు కక్కి సస్తవ్! తంతు అయ్యేదాక నేనే దాటరాదు. దాటితే నన్నే మింగుతది!"

ఇంతలో ఇసుకదిబ్బ మీంచి ఓ జాలరి ముసలమ్మ కేక... "ఓరయ్యో! ఆడ కూకున్నారేటి? అమాస పోటొచ్చే యేళ! పైకొచ్చెయ్యండి!"

కట్టయ్య పగలబడి నవ్వాడు. ఎన్ని చెరువుల ఒడ్డున ముగ్గులు వేసిన చెయ్యది! చెరువు నీళ్ళు ఉన్నచోటే ఉంటాయి. గీత చక్కగా పడుతుందని తడి ఇసుకే ఏరుకున్నాడు మహానుభావుడు. ఆ ఇసుక ఎందుకు తడిగా ఉందో వాడి క్షుద్రశాస్త్రంలో లేదు మరి!

కెరటం బుసకొడుతూ వచ్చి ముగ్గు అంచును నాకింది. కట్టయ్య నవ్వు ఆగిపోయింది. గబగబా బూడిద చల్లి గీత కలిపాడు. రెండో కెరటం సగం ముగ్గును ఊడ్చుకుపోయింది. వెర్రిగా అరుస్తూ కత్తి ఎత్తాడు...

"సస్తే సస్త!" రాజమల్లు ముగ్గులోకి దూకాడు. నోట్లో ఉప్పటి నెత్తురు చిప్పిల్లింది. అయినా ఆగలేదు. వదినను జంపఖానా మీంచి రెండు చేతులా లేపి ఒడ్డుకు ఈడ్చాడు. "కట్టయ్యా, ఉరుకు!" అని అరిచాడు కూడా. కానీ వాడు దాటలేడు! తానే గీసిన గీతకు బందీ అయి, కపాలాన్ని కరుచుకుని నిలుచున్నాడు. తాటిచెట్టంత కెరటం లేచింది... గంగమ్మ తల్లి హూంకరించింది... "అమ్మా!" అన్న కేక సగంలోనే తెగిపోయింది. మంత్రగాడు, కపాలం, జంపఖానా... అన్నీ నీళ్ళపాలు!

ముసలమ్మ పొడిచీర తెచ్చి కప్పింది. సోమక్క కళ్ళు తెరిచింది. తన గొంతుతోనే పలికింది.

"రాజమల్లూ... నా పానం నిలవెట్టినవ్ బిడ్డా." చల్లని చెయ్యి అతని తల నిమిరింది.

ఆ దీవెనను అతను భరించలేకపోయాడు. ఆమె కాళ్ళమీద పడి, జరిగిందంతా వెళ్ళగక్కాడు. తల మీది చెయ్యి ఆగింది. చాలాసేపటికి మెల్లగా వెనక్కి పోయింది.

"మీ అన్నకు చెప్పకు. ఇనంగనే గుండె పల్గి సస్తడు" అంది సోమక్క. "నీ మీద నాకు పగ లేదు. గని రాజమల్లూ... ఇగ నా చేతి బువ్వ అడగకు."

ముసలమ్మ చెయ్యందిస్తే పట్టుకుని లేచి, వెనక్కి చూడకుండా గుడిసెల వైపు నడిచింది.